ఇస్సాకు పలకలు, ఎస్తేరు జొన్నలు

కర్నూలు రాజధాని అయిన నెలలోనే, 1953 అక్టోబరులో, వంట ఇస్సాకు నంద్యాల బస్సులో ఆళ్లగడ్డకు వచ్చి దిగాడు. బస్సు పైనుంచి అతని ఇనప్పెట్టె దింపారు. ఆ తర్వాత గోనెసంచిలో మూటకట్టిన ఆరు డబ్బాలు దింపారు. ఇవి కాక అతని చేతిలో నల్లటి ఇనప పళ్లెం ఒకటి ఉంది. నాలుగు మూలల పళ్లెం, రెండు వేళ్ల ఎత్తు అంచులు. దాన్ని బస్సు మీదికి ఎక్కించడానికి అతడు ఒప్పుకోలేదు. నంద్యాలనుంచి ఒళ్లోనే పెట్టుకుని వచ్చాడు.

ఇస్సాకు ఇరవై ఆరేళ్లు నంద్యాల మిషను బంగళాలో వంటమనిషి. పెళ్లయిన ఏడే ఆ పనిలో చేరాడు. భార్య ఎస్తేరును కూడా తీసుకుపోదామంటే బంగళా వెనక వంటవాడికిచ్చిన గది ఒక్క మంచానికి సరిపోయేది. పైగా ఆళ్లగడ్డలో ఎస్తేరు తండ్రి ఇచ్చిన ఎకరంన్నర చేను ఉంది, చూసుకునేవాళ్లు లేరు. సరే, కొన్నాళ్లు ఇట్లా నడవనీ అనుకున్నారు. ఆ కొన్నాళ్లే ఇరవై ఆరేళ్లయింది. ఈస్టరు తర్వాత ఒక వారం, ఎండాకాలం దొరలు కొండలకు పోయినప్పుడు ఒక ఇరవై రోజులు, అంతే అతడు ఇంటికి రావడం. క్రిస్‌మసుకు బంగళాలో విందులుంటాయి గనక రావడం కుదిరేది కాదు. ఒక్కగానొక్క కూతురు అరుణకుమారి నంద్యాలలోనే హాస్టలులో ఉండి చదువుకుంది, అక్కడే టీచరయింది, అబ్రహామనే ఇంకో టీచరును పెళ్లి చేసుకుంది. అందుకని తండ్రిని ఎక్కువగా ఎరిగింది ఆ పిల్లే. ఎస్తేరుకు మొగుడంటే ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టం.

బంగళాలో ఉండిన ఈడిత్ దొరసాని వయసు మీదపడి ఇంగ్లండుకు వెళ్లిపోయింది. బంగళాను ఆడపిల్లల హాస్టలు చేశారు. హాస్టలుకు సంగటి, పులుసు వండే ఆడమనిషి చాలు, రొట్టెలు, పుడ్డింగులు చేసేవాడితో పని లేదు. దొరసాని పోయే ముందు అలమారలో మిగిలిపోయిన ఓట్సు డబ్బాలు ఆరూ, ఆ పళ్లెమూ ఇస్సాకు చేతిలో పెట్టి, "నువ్వు ఇంటికి పోయి విశ్రాంతి తీసుకో" అంది.

ఇంటికి వచ్చేసరికి ఎస్తేరు వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. తలెత్తి చూసి, చేట పక్కన పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఎన్నాళ్లుంటావు?" అని అడిగింది.

"ఇంగ పోను" అన్నాడు ఇస్సాకు.

ఆమె కాసేపు ఇనప్పెట్టె వైపు చూసి, "అది యాడ పెడ్దాం?" అంది. ఆ ఒంటిగది ఇంట్లో ప్రతి వస్తువుకూ ఆమె పెట్టుకున్న చోటు ఉంది. పెట్టెకు లేదు. ఇస్సాకుకు కూడా లేదని అతనికి నాలుగు రోజుల్లోనే అర్థమయింది.

మొదటి వారం అతడు భార్యతో పాటు చేనికి పోయాడు. అప్పుడు వేరుశనగ పీకుతున్నారు. ఆళ్లగడ్డలో వాటిని బుడ్డలంటారు. ఇస్సాకు నడుం వంచి, చెట్టును గబుక్కున లాగి, మట్టి దులిపి కుప్పేసేవాడు. అతని వెనకే వచ్చిన ఎస్తేరు ఆగి, వేళ్లతో నేల తవ్వి, గుప్పెడు కాయలు బయటికి తీసి చూపించింది.

"ఇంత బిర్రున లాగితే చెట్టు మాత్రం వస్తాది. బుడ్డలన్నీ భూమిలోనే ఉండాయి చూడు. కూలోళ్లు ఇట్ల చేస్తే నేను ఊరుకుంటానా?"

పక్క సాలులో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. సాయంత్రానికి అతని రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. మర్నాడు ఎస్తేరు అతన్ని రావద్దంది. కోపంగా అనలేదు. ఆ కోప్పడకపోవడమే ఇస్సాకుకు ఎక్కువ బాధగా తోచింది.

పోనీ ఇంట్లో వంటన్నా చేద్దామనుకున్నాడు. ఆమె చేనినుంచి వచ్చేసరికి కూర చేసి, చట్టీలన్నీ తోమి, ఉప్పుచట్టిని, కారం డబ్బాను, చింతపండు కుండను బంగళాలో లాగా ఎత్తుల వరసన సర్ది పెట్టాడు. ఎస్తేరు పొయ్యి దగ్గర కూర్చుని అలవాటు చొప్పున ఎడమచేయి చాపింది. అక్కడ ఉప్పు లేదు.

"నా ఉప్పేదీ?"

"ఆ పైన పెట్టినా. చూసేకి బాగుంటాదని."

"చూసేదెవరు? ఇరవై ఆరేండ్లు చెయ్యి చాపితే దొరికిండ్య ఉప్పు."

కూర నోట్లో పెట్టుకుని, లేచి పోయి పచ్చిమిరపకాయ తెచ్చుకుంది. బంగళా నాలుకకు అలవాటు పడిన ఇస్సాకు కారం మరచిపోయాడు. ఆ రోజు ఇద్దరూ రెండు గోడల వైపు మొహాలు పెట్టి తిన్నారు.

నవంబరు మొదట్లో ఒకరోజు ఇస్సాకు గోనెసంచి విప్పి ఓట్సు డబ్బాలు బయటికి తీశాడు. అటుకుల్లాగే ఉంటాయి గానీ చిన్నవి, బూడిద రంగువి. దొరసాని పొద్దున పూట వాటితో గంజి కాచుకునేది. ఆదివారం ప్రార్థన తర్వాత వచ్చే అతిథుల కోసం ఇస్సాకు వాటితో తీపి చేసేవాడు. ఓట్సు, గోధుమపిండి, బెల్లం తురుము, వెన్న కలిపి వేళ్లతో నలిపితే రవ్వరవ్వగా అవుతుంది. అందులో సగం పళ్లెంలో గట్టిగా అదిమి, దాని మీద ఉడికించిన పండ్ల గుజ్జు పరిచి, మిగిలిన సగం పైన చల్లి, పొయ్యిలో కాల్చి, చల్లారాక పలకలుగా కోయాలి. కింద గట్టిగా, నడుమ మెత్తగా, పైన కరకరగా ఉంటుంది. బంగళాలో దానికి ఏదో ఇంగ్లీషు పేరుంది. ఎస్తేరుకు నోరు తిరగలేదు, పలకలంది. చివరకు ఆ పేరే నిలిచింది.

అన్నీ ఉన్నాయి, పొయ్యి లేదు. బంగళాలో తలుపు ఉన్న ఇనప పొయ్యి ఉండేది. ఇస్సాకు ఒక ఖాళీ కిరసనాయిలు డబ్బా తెచ్చి, ఒక పక్క కోసి తలుపులా మడిచి, పెరట్లో మూడు రాళ్ల మీద అడ్డంగా పడుకోబెట్టాడు. వేడి బయటికి పోకుండా దాని చుట్టూ చేనిలోని నల్లమట్టి మెత్తి ఆరబెట్టాడు. మూడో రోజుకి మట్టి బీటలు వారి పెచ్చులుగా ఊడి పడింది.

ఎస్తేరు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"నల్లమట్టి ఎండితే పగుల్తాదని నీకెవరూ చెప్పలేదా?"

"బంగళాలో పొయ్యి మద్రాసునుంచి వచ్చిండ్య. మెత్తే పని నాకు పడలే."

ఆమె చీర చెంగు దోపుకుని, ఎర్రమట్టి తవ్వి తెచ్చి, పేడ, వరిపొట్టు వేసి కాళ్లతో తొక్కి, రెండు రోజుల ఎడంతో మూడు పూతలు పూసింది. చేత్తో నున్నగా నిమిరిన ఆ డబ్బా ఇప్పుడు పడుకున్న పందిపిల్లలా ఉంది. "ఇంగ నీ ఇష్టం" అంది.

మొదటి పళ్లెం మాడిపోయింది. కింద బొగ్గు, పైన పచ్చిపిండి. ఇస్సాకు దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎస్తేరు ఒకసారి పళ్లెం వైపు, ఒకసారి అతని మొహం వైపు చూసి, ఆపుకోలేక నవ్వింది. గోడకు ఆనుకుని కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆమె అట్లా నవ్వడం ఇస్సాకు అంతకు ముందు చూడలేదు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ అతనికీ నవ్వొచ్చింది.

నవ్వు తగ్గాక ఆమె అడిగింది. "బుడ్డలు ఏంచేటప్పుడు పెనంలో ఏం పోస్తారు?"

"ఇసక."

"ఎందుకు పోస్తారు?"

ఇస్సాకు లేచి వాగు వైపు పోయి బుట్టెడు ఇసక తెచ్చాడు. పళ్లేనికి మంట నేరుగా తగలకుండా డబ్బా లోపల అడుగున నాలుగు వేళ్ల మందం పోసి, దాని మీద పళ్లెం పెట్టాడు. డబ్బా పైన కూడా నిప్పులు పరిచాడు. గంటసేపు అక్కడనుంచి కదల్లేదు. తలుపు తీస్తే పైభాగం తేనె రంగులో ఉంది. ఎస్తేరు కత్తి పట్టుకుని వచ్చింది.

"ఇప్పుడే కొయ్యద్దు. చల్లారల్ల."

"వేడిగా ఉంటేనే గదా బాగుంటాది?"

చెప్పినా వినకుండా ఒక మూల కోసింది. పొడిపొడిగా రాలిపోయింది. ఈసారి నవ్వడం ఇస్సాకు వంతు. పొద్దు వాలేదాకా ఆగి, కత్తిని నీళ్లలో ముంచి, నిలువు నాలుగు, అడ్డం ఆరు గీతలు గీశాడు. పలక ఒక్కటి కూడా విరగలేదు. నడుమ పెట్టింది ఖర్జూరం. ఎస్తేరు నమిలి, ఆలోచించి, తన అభిప్రాయం చెప్పింది.

"నోరంతా తీపి. తిన్నాక నీళ్లు తాగల్లనిపిస్తాది గానీ ఇంగొకటి తినల్లనిపించదు."

ఇరవై ఆరేళ్లలో దొరలు, దొరసానులు ఎవ్వరూ అతని పలకలకు వంక పెట్టలేదు. ఇస్సాకు మొహం మాడ్చుకున్నాడు. కాని డిసెంబరులో చేనిగట్ల మీద రేగిపండ్లు రాలుతున్నప్పుడు ఎస్తేరు ఒడినిండా ఏరుకొచ్చి, ఉడకబెట్టి, గింజలు తీసి, బెల్లం, ఉప్పు, కొంచెం కారం వేసి ముద్ద చేసి అతని ముందు పెట్టింది.

"ఇది పెట్టి చెయ్యి."

"కారమా? పలకల్లోనా?"

"చేసి చూడరాదా!"

కారానికి మాత్రం అతడు ఒప్పుకోలేదు. కాసేపు వాదులాడుకుని, కారం బదులు శొంఠి వేద్దామని రాజీకొచ్చారు. ఆ పూట చేసిన పలకలు పులుపు, తీపి, వెనకనుంచి శొంఠి ఘాటు. ఇస్సాకు ఒకటి తిని, రెండోది తీసుకున్నాడు. ఎస్తేరు అది చూసింది. ఆ ఏడు క్రిస్‌మసుకు ఇస్సాకు తన ఇంట్లో ఉన్నాడు. కూతురు, అల్లుడు నంద్యాలనుంచి వచ్చారు. తల్లిదండ్రులు ఇద్దరూ ఒక్క పొయ్యి ముందర కూర్చుని గొడవ పడుతుంటే అరుణకుమారి గడపలో నిలబడి చాలాసేపు చూసిందట.

పలకల సంగతి మెల్లగా వీధి దాటింది. కలుపు తీసే రోజుల్లో ఎస్తేరు సుబ్బయ్య అనే మోతుబరి చేలల్లో కూలికి పోయేది. ఒక మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని సద్దిమూట విప్పి పలక తింటూ ఉంటే, సుబ్బయ్య భార్య వెంకటలక్ష్మమ్మ అటు వచ్చింది. తరతరాలుగా భూములున్న ఇల్లు వాళ్లది. ఎస్తేరు లాంటివాళ్ల చేతి నీళ్లు ఆ ఇంట్లో తాగరు.

"ఏందమ్మే అది, ఇటికె ముక్క మాదిరి ఉంది?"

"మా ఇంటాయన చేసినాడమ్మా. తినేదే."

"మొగోడు చేసినాడా?"

వెంకటలక్ష్మమ్మ అటూ ఇటూ చూసి చేయి చాపింది. ఎస్తేరు ఒక్క క్షణం తటపటాయించి, ముట్టుకోని పలకను గుడ్డతో సహా గట్టు మీద పెట్టింది. ఆమె తీసుకుని, జొన్నచేను వైపు తిరిగి నిలబడి తినేసింది. బాగుందని గానీ బాగాలేదని గానీ చెప్పలేదు. రెండు రోజుల తర్వాత జీతగాడి చేతికి చెంబుడు నెయ్యి ఇచ్చి పంపింది. "ఈసారి మా నెయ్యితో చెయ్యమన్నారు" అని చెప్పి వాడు వెళ్లిపోయాడు.

అప్పటినుంచి నెలకు ఒక పళ్లెం ఆ ఇంటికి పోయేది. పశువుల కొట్టం అరుగు దాకా పోయేది, నట్టింట్లోకి ఎన్నడూ పోలేదు. ఎస్తేరుకు ఆ తేడా తెలుసు. ఇస్సాకు ఒకసారి ఆ మాట ఎత్తబోతే, "తెలిసిందే గదా, దానికి మళ్లీ మాటలెందుకు" అని ఆపేసింది. అయినా వెంకటలక్ష్మమ్మ చెడ్డ మనిషి కాదు. ఎస్తేరుకు జ్వరం వచ్చి పదిరోజులు పనికి పోలేనప్పుడు ఆమె తనే వాకిట్లోకి వచ్చి నిలబడి పలకరించి పోయింది. ఆ వీధిలోకి ఆ ఇంటి ఆడవాళ్లు రావడం అదే మొదటిసారి.

ఎంత పొదుపుగా వాడినా 1955 ఫిబ్రవరికి ఆరో డబ్బా అడుగంటింది. నంద్యాల అంగళ్లలో ఓట్సు లేవు. మద్రాసునుంచి తెప్పించాలంటే నెలలు పడుతుందన్నారు. ఇస్సాకు ఖాళీ డబ్బాలు కడిగి బోర్లించాడు. ఆ వారంలోనే అల్లుడు అబ్రహాము జాబు రాశాడు. కర్నూలులో ఒక పెద్ద ఆఫీసరుకు ఇంగ్లీషు వంట తెలిసిన మనిషి కావాలంట, ఉండటానికి చోటిస్తారంట, మామను అడిగి చెప్పమన్నారంట. ఇస్సాకు దాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి, బైబిలులో పెట్టాడు. ఎస్తేరుకు చదువు రాదు.

మూడు రోజులు చూసి, నాలుగో రోజు పొద్దున జొన్నలు చెరుగుతూ ఆమె అడిగింది.

"ఆ జాబులో ఏముండాది?"

"అందరూ బాగుండారంట."

"బాగుంటే నీకు కూడెందుకు సగిస్తలేదు?"

ఇస్సాకు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎస్తేరు చేట ఆపలేదు.

"పోతావా?"

"ఈడ నేనేం చేస్తాండా, ఎస్తేరూ? చేనికి పనికిరాను. డబ్బాలు చూస్తే ఐపాయె. రోజంతా నీ ఎదురుగా కూచుని ఎదురుచూసేది తప్ప నాకేముంది పని?"

చేట ఆగింది. ఎస్తేరు తల ఎత్తకుండా మాట్లాడింది.

"అప్పుడు నువ్వు పోయేటప్పుడు నాకు పదిహేడేండ్లు. పోవద్దని చెప్పల్లని నాకు తెల్లేదు. పోయినోడివి యాడుండావో, ఏం తింటాండావో, జరమొస్తే ఎవరు చూస్తాండారో నేను అడగలే. ఇప్పుడు చెప్తాండా. పోవద్దు."

బంగళాలో అతన్ని అది చెయ్యి, ఇది చెయ్యి అన్నవాళ్లే గాని ఉండమని అడిగినవాళ్లు లేరు.

"చేన్లో పనికి రాకపోతే ఏమాయె?" అంది ఆమె మళ్లీ. "ఇంటికొచ్చేసరికి పొయ్యి ఎలుగుతాంటే నాకు బాగుండాది. ఇంగ ఆ డబ్బాలంటావా? అటుకులు లేవని ఏడుస్తాండావు, నీ ముందర గంపెడు జొన్నలుండాయి. నానేసి దంచితే ఇవి మాత్రం అటుకులు గావా?"

ఆ మధ్యాహ్నం ఇస్సాకు అల్లుడికి జవాబు రాసి తపాలాపెట్టెలో వేసి వచ్చాడు. మామకు ఇంటి దగ్గర పని ఉన్నట్టు చెప్పమని రాశాడు.

పని నిజంగానే ఉంది. జొన్నలు రెండు రోజులు నానబెట్టి, నీళ్లు వార్చి, మంగలంలో వేడి ఇసకతో వేయించి, ఇసక జల్లించేసి, వేడి మీదే రోట్లో వేసి దంచాలి. చల్లారితే నలగవు, పిండవుతాయి. అందుకని రెండు రోకళ్లు కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. ఒకరి పోటు మీద ఇంకొకరి పోటు పడాలి. మొదట్లో ఇస్సాకు రోకలి ఎప్పుడూ ముందో వెనకో పడేది, రెండూ ఠకామని కొట్టుకునేవి.

"నా రోకలి లేచేటప్పుడు నీది దిగల్ల. చూడొద్దు, ఇను" అని చెప్పింది ఎస్తేరు.

నాలుగైదు సార్లకు కుదిరింది. చెరిగితే తెల్లటి అటుకులు వచ్చాయి, ఓట్సుకన్నా మందంగా. ఇస్సాకు పళ్లెం కాల్చాడు. కొరికితే పళ్లు కదిలేంత గట్టిగా ఉన్నాయి. ఈసారి ఎస్తేరు మొహం చిన్నబోయింది. "నా జొన్నలు పనికిరావు లే" అంది.

"ఉండు, తొందరపడొద్దు" అన్నాడు ఇస్సాకు. ఇది అతని విద్య. రెండో పళ్లేనికి అటుకుల మీద వేడి పాలు చిలకరించి, మూత పెట్టి, ఒక గడియ నాననిచ్చాడు. కొంచెం మెరుగు. మూడో పళ్లేనికి పాలు పెంచి, గోధుమపిండి తగ్గించి, మంట సన్నం చేసి, ఇంకొంత సేపు ఉంచాడు. చల్లారాక కోస్తే పలకలు అంచు చెదరకుండా వచ్చాయి. నమిలితే ఏంచిన జొన్న కమ్మదనం ఉంది. అది ఓట్సులో ఎప్పుడూ లేదు. ఇద్దరూ పెరట్లో పొయ్యి పక్కన కూర్చుని, సగం పళ్లెం తినేశారు.

1957 మార్చిలో నంద్యాల మిషను గుడిలో కోతల పండుగ జరిగింది. పంట ఇంటికొచ్చాక ఊరూరి సంఘాలవాళ్లూ తమ చేలల్లో పండినవి తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని బయట వేలం వేస్తారు. ఇస్సాకు, ఎస్తేరు రెండు పళ్లేల పలకలు చేసి అరిటాకులో కట్టుకుని బస్సులో తీసుకుపోయారు. గుమ్మడికాయల పక్కన, జొన్నకంకుల మోపు పక్కన వాటిని రెండు పళ్లేల్లో సర్ది పెట్టారు.

వేలం వేసే పెద్దమనిషి ప్రభుదాసు పళ్లెం పైకెత్తి, "ఇవి మన బంగళా ఇస్సాకు చేసిన దొరసాని పలకలు! ఇన్నేండ్లు దొరలే తిన్నారు, ఈరోజు మన వంతు!" అని కేక వేశాడు. అందరూ నవ్వారు. ఆసుపత్రికి కొత్తగా వచ్చిన ఒక నర్సు దొరసాని పాట పాడి ఒక పళ్లెం తీసుకుంది. అక్కడే ఒక పలక తిని, ఆశ్చర్యపోయి, నేర్చుకుంటున్న తెలుగులో అడిగింది.

"చాలా బాగుంది. ఈ ఓట్సు మీకు ఎక్కడ దొరికింది? నేను చాలా వెతికాను."

ప్రభుదాసు ఇస్సాకు వైపు చూశాడు. దొరసానుల ముందు "ఎస్ మేడమ్" తప్ప ఇస్సాకు ఎక్కువ మాట్లాడి ఎరుగడు. గుంపులో నిలబడి ఎన్నడూ గొంతెత్తి ఎరుగడు. అట్లాంటివాడు గొంతు సవరించుకున్నాడు.

"ఓట్సు కాదమ్మా. జొన్నలు. ఆళ్లగడ్డలో మా ఎస్తేరు చేన్లో పండిన జొన్నలు. అటుకులు దంచింది ఆమె, రేగిపండ్లు పెట్టల్లని చెప్పింది ఆమె, పొయ్యి మెత్తింది కూడా ఆమే. నేను నిప్పు చూసుకుంటాండా, అంతే. ప్రభుదాసన్నా, దొరసాని పలకలనొద్దు. ఎస్తేరు పలకలను."

ప్రభుదాసు రెండో పళ్లెం ఎత్తి ఆ పేరుతోనే వేలం వేశాడు. ఎస్తేరు చెంగు తల మీదికి లాక్కుని ఆడవాళ్ల వెనక్కి పోయింది. తిరుగు బస్సులో అతని మీద విరుచుకుపడింది.

"అంతమంది ముందర నా పేరెత్తల్లనా? సిగ్గుతో చచ్చిపోతి."

"అబద్ధం చెప్పినానా?"

"అబద్ధమని నేనన్నానా?"

ఇంటికి వచ్చిన మర్నాడు నీళ్లకు పోయినచోట, కళ్లం దగ్గర, దర్జీ అంగడి దగ్గర, కనిపించిన ప్రతి మనిషికీ ఆ సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఇస్సాకు మాటలు కొంచెం పొడుగయ్యాయి.

ఆ తర్వాతి ఏళ్లు తేలికగా నడిచాయి. ఎస్తేరు కూలికి పోవడం మానుకుంది. తన ఎకరంన్నర చూసుకుని, మిగిలిన పొద్దు ఇస్సాకుతో పెరట్లో ఉండేది. పెండ్లిళ్లకు, బాప్తిస్మాలకు, హాస్టలు పిల్లల పండుగలకు పలకలు చేయమని నంద్యాలనుంచి కబురొచ్చేది. శీతాకాలం రేగిపండ్లు, జామపండ్లు. ఎండాకాలం మామిడి. అరుణకుమారికి కొడుకు పుట్టాడు. పేరు తాతలిద్దరిలో ఎవరిది పెట్టాలన్న గొడవలో చివరకు ఇద్దరిదీ పెట్టలేదు. ఇస్సాకు ఇప్పుడు కూరలో కారం సరిపడా వేస్తాడు. ఉప్పుచట్టి ఎస్తేరు ఎడమచేతి దగ్గరే ఉంటుంది.

1960 మే నెలలో ఇద్దరూ మామిడిపండ్లకని కోవెలకుంట్ల మీదుగా బనగానపల్లెకు బస్సెక్కారు. అంతకు ముందు ఏళ్లలో ఆళ్లగడ్డ సంతకు వచ్చిన పండ్లే కొనేవాళ్లు. తోటలోనే చూసి తీసుకుంటే బాగుంటుందని ఈసారి ఇస్సాకు పట్టుబట్టాడు. ఎస్తేరు ఆ వైపు పోవడం అదే మొదలు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి చేనిలో ఏం పండించారో, ఎంత బాగా దున్నారో చెబుతూ వచ్చింది. ఇస్సాకు ఊఁ కొడుతూ వచ్చాడు.

తోటలో కాపలా ఉన్న ఓబయ్య అనే ముసలాయన గడ్డిలో మాగేసిన పండ్లు తీసి చూపించాడు. ఇస్సాకు పసుపుపచ్చగా మాగినవి ఏరుతుంటే, ఎస్తేరు వాటిని తీసి పక్కన పెట్టి దోరకాయలు వేస్తోంది.

"మాగినేటివి ఒట్టి తీపి. పలకల్లో పెడితే చప్పగా ఉంటాది" అంటుంది ఆమె.

"దోరవి ఉడికిస్తే నార లెక్క ఐతాది" అంటాడు అతడు.

"బనగానపల్లె కాయలో నారేదప్పా?"

ఓబయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నవ్వాడు. "మీకు పెండ్లయి ఎన్నేండ్లాయె?" అని అడిగాడు.

"ముప్పై మూడేండ్లు" అన్నాడు ఇస్సాకు.

"ఏడేండ్లు" అంది ఎస్తేరు, పండ్లమీదనుంచి చూపు తిప్పకుండా.

ఓబయ్యకు ఏమీ అర్థం కాలేదు. ఇస్సాకు తను ఆళ్లగడ్డలో బస్సు దిగిన ఏటినుంచి లెక్కేసుకుని, తన గంపలోంచి సగం పండ్లు తీసేసి, ఆ ఖాళీలో ఆమె ఏరిన దోరకాయలు సర్దాడు. గంపను ఇద్దరూ చెరోపక్క పట్టుకుని, ఎండ ఎక్కకముందే బస్సు దొరకాలని రోడ్డు వైపు నడిచారు.